సత్యకామ్ తర్వాత

హిందీ సినిమా దర్శకుడు హృషీకేశ్ ముఖర్జీ పేరెత్తితే చాలు, ఎదుటివాళ్ళ ముఖం విప్పారుతుంది. "హాయిగా ఉంటాయండీ ఆయన సినిమాలు, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు" అంటారు. కొట్లాటలుండవు, బూతులుండవు, విలన్ ఉండడు. జ్వరమొస్తే చారన్నం తిన్నట్టు, మనసు బాగోకపోతే ‘గోల్‌మాల్’ పెట్టుకుంటామనేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. నేనూ పెట్టుకుంటాను. కానీ ‘హాయి’ అన్న ఒక్క మాటతో ఆయన్ని సాగనంపేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. 1957 నుంచి 1998 దాకా 42 సినిమాలు తీసిన ఆ మనిషిని ఒక ప్రశ్న జీవితమంతా వదల్లేదని నా నమ్మకం. నిజం చెప్పి బతకడం కుదురుతుందా? కుదరకపోతే, ఏ అబద్ధం ఆడితే మనిషి మనిషిగా మిగులుతాడు?

పేర్లే చూడండి. ఆఖరి సినిమా ‘ఝూఠ్ బోలే కౌవా కాటే’, అంటే అబద్ధమాడితే కాకి పొడుస్తుందని. దానికి ముందు 1985లో ‘ఝూఠీ’, అబద్ధాలకోరు. 1983లో ‘కిసీ సే న కహనా’, ఎవరికీ చెప్పకు. 1975లో ‘చుప్కే చుప్కే’, గుట్టుచప్పుడు కాకుండా. ఇంకా వెనక్కి వెళితే 1962లో ‘అస్లీ నక్లీ’, అసలూ నకిలీ. ఈ పేర్లన్నీ ఒక కాయితం మీద వరసగా రాసుకున్న రోజున, ఈయన్ని నేను ఇన్నాళ్ళూ సరిగ్గా చూడలేదనిపించింది.

ఆయన 1922 సెప్టెంబర్ 30న కలకత్తాలో పుట్టారు. చదివింది రసాయనశాస్త్రం. కొన్నాళ్ళు లెక్కలు, సైన్సు పాఠాలు చెప్పారు. 1940ల చివర్లో బి.ఎన్. సర్కార్ గారి సినిమా సంస్థ న్యూ థియేటర్స్‌లో చేరి, ముందు కెమెరా పనిలోనూ తర్వాత ఎడిటింగ్‌లోనూ కుదురుకున్నారు. అక్కడ సుబోధ్ మిత్తర్ దగ్గర కత్తెర పట్టడం నేర్చుకున్నారు. దర్శకుడిగా ఎంత పేరొచ్చినా చివరిదాకా ఆయన లోపల ఉన్నది ఆ ఎడిటరే. ఎడిటింగ్ బల్ల ముందు కూర్చున్నవాడికి మొదటి వారంలోనే ఒక సంగతి అర్థమైపోతుంది. సోమవారం తీసిన చూపునీ, గురువారం తీసిన నవ్వునీ అతికిస్తే వాళ్ళిద్దరూ అప్పుడే ఒకరినొకరు చూసుకున్నట్టు ఉంటుంది. చూసేవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ఆ కన్నీళ్ళు నిజం, ఆ చూపు మాత్రం అతుకు. ఈ సంగతి చేతివేళ్ళకు తెలిసిన మనిషి అబద్ధం గురించి మామూలు నీతిపాఠం ఎలా చెబుతాడు?

1951లో దర్శకుడు బిమల్ రాయ్ వెంట బొంబాయి వచ్చారు. ‘దో బీఘా జమీన్’కి స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్ ఈయనవే. ఆ సినిమాకి 1954లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో బహుమతి వచ్చింది. ‘మధుమతి’ కూర్పుకి ఫిల్మ్‌ఫేర్ అవార్డు అందుకున్నారు. దర్శకుడయ్యాక కూడా ఇతరుల సినిమాలకు కత్తెర పట్టడం మానలేదు. మలయాళంలో ‘చెమ్మీన్’ ఎడిటింగ్‌లో ఈయన చెయ్యి ఉంది. ఆ సినిమా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ, మన ‘మాయాబజార్’ వెన్నెల పట్టుకున్నాయనే. ఇక మన్మోహన్ దేశాయ్ తీసిన ‘కూలీ’ ఎడిటరు ఎవరనుకున్నారు? ఈ ‘హాయి’ సినిమాల పెద్దమనిషే. ఎదురుగుండా ఉన్న ముడిసరుకు ఎవరిదైనా సరే, దాన్ని నమ్మించడం ఎలాగో ఆయనకు తెలుసు.

దర్శకుడిగా తొలి సినిమా ‘ముసాఫిర్’. ఒక అద్దె ఇల్లు, ఒకరి తర్వాత ఒకరు వచ్చిపోయే మూడు కుటుంబాలు, ఒక పెళ్ళి, ఒక పుట్టుక, ఒక చావు. రచనలో బెంగాలీ దర్శకుడు ఋత్విక్ ఘటక్ తోడున్నాడు. అంతగా ఆడలేదు. రెండేళ్ళకి, 1959లో, ‘అనాడీ’ ఆడింది. అందులో డబ్బున్న నూతన్ తన ఇంటి పనిమనిషినే తానని చెప్పుకుంటుంది. రాజ్ కపూర్ మాత్రం లౌక్యం తెలియని మనిషి. దొరికిన పర్సు సొంతదారుకి తిరిగిచ్చే రకం. తర్వాతి ఏడాది వచ్చిన ‘అనురాధ’కి రాష్ట్రపతి పతకం దక్కింది. 1966లో ‘అనుపమ’, 1968లో ‘ఆశీర్వాద్’. అశోక్ కుమార్ పిల్లల్ని చుట్టూ పోగేసుకుని రైలుబండి పాట ఊపిరాడకుండా పాడేస్తాడే, ఆ సినిమా. ఆ పాట రాసిన హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ హైదరాబాదులో పుట్టినవాడు, సరోజినీ నాయుడి తమ్ముడు. తర్వాత ‘బావర్చీ’లో మంచం మీది ముసలాయన వేషమూ ఆయనదే.

ఇవన్నీ మంచి సినిమాలే. అయినా నాకు 1969కి రావాలని తొందరగా ఉంది, ఎందుకంటే ఆ ఏడాది వచ్చిన ‘సత్యకామ్’ దగ్గరే ఆయన దారి మలుపు తిరిగిందని నా వాదన.

సత్యప్రియ ఆచార్య ఇంజినీరు. స్వాతంత్ర్యం వస్తోంది, కొత్త దేశం కడతాం అన్న నమ్మకంతో చదువు ముగించుకుని బయటికొస్తాడు. ధర్మేంద్ర అంత బాగా చేసిన వేషం ఇంకొకటి లేదు. సంస్థానాధీశుడి చేతిలో చెడిన రంజనను (ఆ వేషం షర్మిలా ఠాగూర్‌ది) పెళ్ళి చేసుకుంటాడు. ఆమెకు పుట్టిన బిడ్డను తన బిడ్డగా పెంచుతాడు. దొంగ లెక్కల మీద సంతకం పెట్టడు. ఉద్యోగాలు పోతుంటాయి, ఊళ్ళు మారుతుంటాడు. తాతగారు ఆ పెళ్ళిని ఒప్పుకోడు. స్నేహితులు, మంచివాళ్ళే, సర్దుకుపోయి పైకొస్తారు. ఇతనికి క్యాన్సర్ వస్తుంది.

మంచం మీద ఉన్నాడు, మాట పడిపోయింది. చేతిలో పైసా లేదు, భార్య ఏమైపోతుందో తెలియదు. నాసిరకం పని చేసిన కంట్రాక్టరు బిల్లు ఒకటి అతని సంతకం కోసం ఆగి ఉంది. జీవితంలో మొదటిసారి సంతకం పెట్టి ఆ కాయితం భార్య చేతికిస్తాడు. రంజన దాన్ని చూస్తుంది, ముక్కలు ముక్కలుగా చింపేస్తుంది. అప్పుడు అతని ముఖం మీదికి వచ్చే నవ్వు చూడాలి. భర్త గెలిచిన నవ్వో, ఓడిపోయి ఊపిరి పీల్చుకున్న నవ్వో చెప్పలేం. తర్వాత తలకొరివి దగ్గర ఆ చిన్నపిల్లవాడు, తాను ఆయన కన్నకొడుకును కానని, అందుకే తన చేత కొరివి పెట్టించరని పెద్దాయనకి ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. తండ్రెవరో తెలియదని గురువుకి నిజం చెప్పిన జాబాల కొడుకు సత్యకాముడి కథ మనకు తెలిసిందే. సినిమా పేరు అక్కడినుంచే వచ్చింది.

మా నాన్న ఒక ప్రభుత్వ శాఖలో ఇంజినీరు. కాలవ గట్లు, తూములు, చిన్న వంతెనలు ఆయన పని. ఇంజినీర్ల ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఎం-బుక్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కొలతల పుస్తకం. అందులో పేజీ పేజీకి అచ్చులో నంబరు ఉంటుంది, కాబట్టి ఒక్క ఆకు చింపడానికి వీల్లేదు. అంకె తప్పితే దిద్దకూడదు, కొట్టేసి పక్కన పొడి సంతకం చేయాలి. కంట్రాక్టరు తవ్విన మట్టి, పోసిన కంకర పొడవు వెడల్పు లోతు అందులోకి ఎక్కితేనే బిల్లు కదులుతుంది. మా నాన్న టేపు పట్టుకుని నిజంగా కొలిచేవారు. నీళ్ళు నిలిచిన చోట పంచె ఎగగట్టి దిగి మరీ కొలిచేవారు. కంట్రాక్టర్లు ఆయన్ని వెనకాల ‘హరిశ్చంద్రుడు’ అనేవారు. అది పొగడ్త కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పదమూడేళ్ళలో ఆరు బదిలీలు. నేను పదో తరగతికి వచ్చేసరికి నాలుగు బళ్ళు మారాను.

మేం తణుకులో ఉన్నప్పుడు దూరదర్శన్‌లో ‘సత్యకామ్’ వేశారు. మా ఇంట్లో అప్పటికి బ్లాక్ అండ్ వైట్ టీవీ. నాన్న వాలుకుర్చీలో ఉన్నారు, అమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. హిందీ నాకు సగం సగమే అర్థమవుతున్నా ఆ కాయితం చింపే చోటు మాత్రం ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. సినిమా అయ్యాక నాన్న లేచి టీవీ కట్టేసి పెరట్లోకి వెళ్ళారు. చాలాసేపు రాలేదు. అమ్మ చేటలో బియ్యం ఏరేసినవే మళ్ళీ ఏరుతూ కూర్చుంది. ఆ సినిమా గురించి ఆయన ఆ రాత్రీ మాట్లాడలేదు, ఆ తర్వాతా మాట్లాడలేదు.

తాను తీసినవాటిలో తనకు అన్నిటికంటే ఇష్టమైనది ‘సత్యకామ్’ అని హృషీకేశ్ ముఖర్జీ చెప్పుకునేవారు. జాతీయ అవార్డు వచ్చింది. రాజిందర్ సింగ్ బేదీ సంభాషణలకి ఫిల్మ్‌ఫేర్ వచ్చింది. జనం మాత్రం చూడలేదు. నిజం కోసం బతికినవాడి కథ నిజాయితీగా చెబితే హాలు ఖాళీ. ఇక్కడినుంచి నా ఊహ, ఎవరైనా కాదంటే వాదనకి సిద్ధం: ఆ ఓటమి తర్వాత ఆయన మళ్ళీ ఎప్పుడూ నిజం పక్కన నేరుగా నిలబడలేదు. సత్యప్రియను ఆ మంచం మీద వదిలి వచ్చి, తర్వాతి పాతికేళ్ళు నాటకాలాడే వాళ్ళని తీశారు. ప్రేమ కోసం ఆడేవాళ్ళు, ఉద్యోగం కోసం ఆడేవాళ్ళు, చావుని నవ్వుతో కప్పేవాళ్ళు. ‘సత్యకామ్’ని మరిచిపోయి కాదు. దానికి జవాబు వెతుకుతూ.

రెండేళ్ళకి వచ్చింది ‘ఆనంద్’, 1971లో. బొంబాయి నగరానికీ రాజ్ కపూర్‌కీ అంకితం. హృషీకేశ్‌ని ‘బాబూ మొషాయ్’ అని పిలిచే అలవాటు రాజ్ కపూర్‌ది. నెల తిరక్కుండానే షూటింగు అయిపోయింది. సినిమా మొదలవడమే ఆనంద్ పోయాక మొదలవుతుంది. డాక్టర్ భాస్కర్ తాను రాసిన పుస్తకానికి బహుమతి అందుకుంటూ కథ చెబుతాడు. అంటే అతను పోతాడా బతుకుతాడా అన్న ఉత్కంఠని దర్శకుడు మొదటి రీల్లోనే తీసి పక్కన పడేశాడు. ఇక మిగిలింది ఒక్కటే, పోతానని తెలిసినవాడు ఏ వేషం వేసుకుని తిరుగుతాడు అన్నది.

రోడ్డు మీద కనిపించిన ప్రతివాడినీ ఆనంద్ వీపు మీద చరిచి ‘మురారీలాల్’ అని పిలుస్తాడు. ఆ పేరుగలవాడు ఎవడూ లేడు. వాళ్ళు తికమకపడతారు, విసుక్కుంటారు. ఒక్క ఈసాభాయ్, జానీ వాకర్ వేసిన ఆ నాటకాల మనిషి, ఏమాత్రం తడుముకోకుండా ఇతనికీ ఒక లేని పేరు పెట్టి వెంటనే కావలించుకుంటాడు. అబద్ధాన్ని అందుకుని ఆటలోకి దిగాడు కాబట్టే అతను స్నేహితుడయ్యాడు. ఇటు భాస్కర్ ముక్కుసూటి మనిషి. రోగం లేని షావుకారుకి రోగం లేదని ముఖం మీదే చెప్పి పంపేస్తాడు. అటు ప్రకాశ్ కులకర్ణి అదే షావుకారుకి ఉత్తుత్తి మాత్రలిచ్చి, ఆ డబ్బుతో పేదవాళ్ళకి వైద్యం చేస్తాడు. ఇద్దరిలో ఎవరు సరైన డాక్టరు? సినిమా తీర్పు చెప్పదు. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి వదిలేస్తుంది.

ఇక ఆ టేపు. ముందెప్పుడో సరదాగా రికార్డు చేసిన టేపు. భాస్కర్ గొంతులో కవిత, తర్వాత ఆనంద్ నాటకం మాటలు, నవ్వు. ఆనంద్ పోయాక భాస్కర్ వచ్చి, మాట్లాడు, ఏదో ఒకటి మాట్లాడు అని శవం మీద అరుస్తాడు. గదిలో రీలు తిరుగుతోంది. కొంతసేపు ఏమీ లేదు. ఆ ఖాళీలోంచి ‘బాబూ మొషాయ్’ అన్న ఆనంద్ పిలుపు. భాస్కర్ ఉలిక్కిపడి తలెత్తుతాడు, మనమూ ఎత్తుతాం. పిలుపు ఒకనాటిది, చావు ఇంకొకనాటిది. రెండింటినీ అతికిస్తే చనిపోయినవాడు జవాబు చెప్పినట్టయింది. ఆ అతుకు వేసినవాడికి ‘ఆనంద్’ ఎడిటింగ్‌కి ఫిల్మ్‌ఫేర్ వచ్చింది. ఆ సినిమాకి దర్శకుడూ ఎడిటరూ ఒక్కరేనన్న సంగతి తెలియకపోయినా, ఆ క్షణంలో తెలిసిపోతుంది.

ఈ సినిమాని నేను 2009కి ముందు ఒక రకంగా చూశాను, ఆ తర్వాత ఇంకో రకంగా చూశాను. ఆ ఏడాది నాన్నకి కడుపునొప్పి అని తీసుకెళితే, స్కానింగులయ్యాక డాక్టరు నన్ను మాత్రం లోపలికి పిలిచి చెప్పాడు. క్లోమం, నాలుగు నెలలు. బయటికి రాగానే బాబాయ్ నా చెయ్యి పట్టుకుని అన్న మొదటి మాట, "అన్నయ్యకి చెప్పొద్దమ్మా". మన ఇళ్ళలో అంతే కదా. రోగం ఎవరిదో వాళ్ళకి తప్ప అందరికీ తెలుస్తుంది. అల్సర్ అని చెప్పాం. మందుల సీసాల మీది కాయితాలు పీకేశాం. జీవితంలో ఒక్క దొంగ కొలత రాయని మనిషికి మేమందరం కలిసి రోజుకు మూడు పూటలా అబద్ధం తినిపించాం. ఆయన ‘అల్సరే కదా, తగ్గుతుందిలే’ అంటూ మాకు ధైర్యం చెప్పేవారు.

పెద్దకర్మ అయ్యాక బీరువా తీస్తే, పై అరలో రెక్సిన్ సంచి. ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు ఒక కట్ట, పెన్షన్ కాయితాలు ఒక కట్ట, ఇంటి పన్ను రసీదులు ఏడాది వారీగా. పైన ఒక తెల్లకాయితం మీద ఎం-బుక్ రాసినట్టే వరస నంబర్లు వేసి, ఏది ఎక్కడుందో, ఎవరి దగ్గరికి వెళ్ళాలో, అమ్మ ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో రాశారు. మూడో నంబరు దగ్గర అంకె తప్పితే కొట్టేసి పక్కన పొడి సంతకం చేశారు. అడుగున తేదీ ఉంది. డాక్టరు నాకు చెప్పిన రోజు తర్వాత పన్నెండో రోజు.

అంటే ఆ నాలుగు నెలల్లో నాటకం ఆడింది మేము మాత్రమే కాదు. అందుకే ఆనంద్ నవ్వు చూస్తే ఇప్పుడు నాకు హాయిగా ఉండదు. ఆ నవ్వు ఎంత బరువో తెలిసింది.

ఈ దృష్టితో చూస్తే మిగతా సినిమాలూ వేరుగా కనిపిస్తాయి. ‘గుడ్డీ’లో సినిమా హీరో మీద మనసు పారేసుకున్న స్కూలు పిల్లని మామయ్యా, సాక్షాత్తూ ధర్మేంద్రా కలిసి నాటకమాడి బయటపడేస్తారు. తెర మీద దెబ్బలు తినేది హీరో కాదనీ, పేరులేని మనిషి ఎవరో అతని బదులు దూకుతాడనీ ఆ పిల్లకి చూపిస్తారు. సినిమావాడు తన వృత్తి అబద్ధాన్ని తానే విప్పి చూపించడం ఎంత ధైర్యం! అందులో ప్రార్థన గీతం పాడిన గొంతు వాణీ జయరాంది, హిందీలో ఆమెకు అదే ఆరంభం. మనమందరం ‘శంకరాభరణం’ పాటల్లో ఆమెను మనదాన్ని చేసుకోవడానికి ఎనిమిదేళ్ళ ముందు మాట. 1973లో వచ్చిన ‘నమక్ హరామ్’ ఇంకా లోతు. స్నేహితుడైన మిల్లు యజమాని కొడుకు కోసం, యూనియన్‌ని దెబ్బతీయడానికి కూలీ వేషంలో బస్తీలోకి వెళ్ళిన సోమూ, అక్కడివాళ్ళ అన్నం తిన్నాక ఆ వేషం విప్పలేకపోతాడు. ఆడగా ఆడగా నాటకం నిజమైపోయింది. ప్రాణం కూడా తీసింది.

1975 సంగతి చూడండి. ధర్మేంద్ర, అమితాబ్, జయ, అస్రానీ ఆ ఏడాది ‘షోలే’లో ఉన్నారు, ‘చుప్కే చుప్కే’లోనూ ఉన్నారు. ఒకదాంట్లో తుపాకులు, గుర్రాలు. ఇంకోదాంట్లో వృక్షశాస్త్రం ప్రొఫెసరు డ్రైవరు వేషం వేసుకుని శుద్ధ హిందీతో పెళ్ళాం బావగారి ప్రాణం తీస్తుంటాడు. మనం నవ్వుతూ చూసేస్తాం కానీ, అందులో మూలం ఏమిటి? తన బావంతటి తెలివైనవాడు లోకంలో లేడని ఆ పిల్ల గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని వాదించి గెలవలేక మొగుడు ఆటాడి గెలుస్తాడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్న మనవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. పెళ్ళి విషయంలోనూ, ప్రాణం మీదికి వచ్చినప్పుడూ బొంకినా పాపం లేదని శుక్రాచార్యుడు బలికి చెప్పిన మాటలు మనకి బడిలోనే కంఠతా వచ్చు. ఆ మాట వినకుండా దానమిచ్చేసిన బలినే మనం గొప్పవాడంటాం. శుక్రుడి మాటకీ, బలి చేతకీ మధ్య మన సంసారాలు నడుస్తుంటాయి. హృషీకేశ్ ముఖర్జీ సినిమాలు నడిచేదీ ఆ మధ్యనే.

‘గోల్‌మాల్’ సంగతి సరే సరి. హాకీ మ్యాచ్ చూడ్డానికి తల్లి మీద పెట్టి ఒక అబద్ధం. అది దాచడానికి మీసం లేని కవల తమ్ముడు. ఆ తమ్ముడి కోసం ఒక తల్లి, ఆమెకీ ఒక కవల. నవ్వి నవ్వి కడుపు నొప్పి పుడుతుంది, నిజమే. కానీ రామ్‌ప్రసాద్ చేసిన తప్పేమిటి? చార్టర్డ్ అకౌంటెన్సీ ప్యాసయ్యాడు, పనిమంతుడు, చెల్లెల్ని చూసుకోవాలి. ఉన్నది ఉన్నట్టు వెళితే ఉద్యోగం రాదు, ఎందుకంటే యజమాని భవానీశంకర్‌కి ఆటలంటే గిట్టదు, మీసం లేనివాడికి శీలం లేదని నమ్మకం. నిజం చెప్పినవాడికి అన్నం పెట్టని చోట అబద్ధం పుట్టింది. పదేళ్ళ కిందట సత్యప్రియకి తలుపు వేసింది ఆ లోకమే. ఈసారి దర్శకుడు అదే తలుపు దగ్గరికి పొట్టి చొక్కా, దొంగ మీసంతో ఇంకో కుర్రాడిని పంపాడు.

ఈ సినిమాల్లో కాటు ఏమీ లేదనేవాళ్ళకి ఒక సంగతి. ‘కిసీ సే న కహనా’లో ఇంగ్లీషు చదువుకున్న కోడలు వద్దని పట్టుబట్టిన మామగారి కోసం ఒక డాక్టరమ్మ పల్లెటూరి పిల్లగా నటిస్తుంది. అందులో ‘హనీమూన్ హోటల్’ బోర్డు మీది అక్షరాలు మార్చి ‘హనుమాన్ హోటల్’ చేసిన ముక్క ఒకటుంది. 1983లో సెన్సారు దాటి, ఇంటిల్లిపాదీ నవ్వుకున్న ముక్క. ఆ బొమ్మని 2018లో ట్విట్టర్‌లో పెట్టినందుకు 2022లో ఒక పాత్రికేయుణ్ణి అరెస్టు చేశారు. దర్శకుడు స్వయంగా కొంతకాలం సెన్సారు బోర్డు అధ్యక్షుడిగా పనిచేసిన మనిషి.

అన్నీ మెచ్చుకుంటానని కాదు. ‘బావర్చీ’ నాకు ఎంతో ఇష్టం, అయినా అది మింగుడుపడదు. శాంతినివాస్ అని పేరుపెట్టుకుని రోజూ పోట్లాడుకునే ఇంటికి రఘు అనే వంటవాడు వచ్చి, వండి, వడ్డించి, అందరినీ కలిపి వెళ్ళిపోతాడు. చివరికి తెలిసేది అతను వంటవాడు కాదు, ప్రొఫెసరు. ఎందుకని? వంటవాడికి అంత బుద్ధి ఉండకూడదా? ఆ ఒక్క ముడి విప్పడంతో సినిమా అప్పటిదాకా పొయ్యి దగ్గర సంపాదించిన గౌరవమంతా చదువుకున్నవాడి ఖాతాలో పడిపోయింది. ‘చుప్కే చుప్కే’ డ్రైవరూ ప్రొఫెసరే. ఆయన ఇళ్ళలో పనివాళ్ళ వేషం వేసేది పెద్దచదువులవాళ్ళు, అసలు పనివాళ్ళ కథ మాత్రం బయటే ఉండిపోయింది. ‘దో బీఘా జమీన్’ రాసిన చేతికి ఇది తెలియనిది కాదు.

రెండో ఫిర్యాదు ఆడవాళ్ళ గురించి. ‘అనురాధ’లో రేడియోలో పాడే అమ్మాయి ఆదర్శవాది డాక్టరుని పెళ్ళాడి పల్లెకి వచ్చి పాట మరిచిపోతుంది. పదమూడేళ్ళకి ‘అభిమాన్’లో మొగుడికంటే బాగా పాడిన నేరానికి ఉమ మూగబోతుంది, కడుపులో బిడ్డను పోగొట్టుకుంటుంది. మగవాడి అసూయని అంత నిజంగా, భార్య ఆటోగ్రాఫు ఇస్తుంటే పక్కన నిలబడ్డ ముఖం అంత దగ్గరగా చూపించిన హిందీ సినిమా అప్పటికి లేదు. రెండు గంటలు ఒక్క అబద్ధం లేదు. చివర్లో మొగుడూ పెళ్ళాం వేదిక మీద కలిసి పాడగానే అన్నీ సర్దుకున్నాయంటారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎడిటరు వేసిన అతుకు కనిపించింది.

చివరి ఏళ్ళలో గౌట్ అనే కీళ్ళ జబ్బు వల్ల నడక కష్టమై కుర్చీలోనే కూర్చుని డైరెక్ట్ చేసేవారు. సెట్లో షాటుకీ షాటుకీ మధ్య చదరంగం. నటులకి కథ పూర్తిగా చెప్పేవారు కాదు, అడిగితే కసురుకునేవారు. కావలసినంతే తీసేవారు, ఫిల్ము వృథా చేసేవారు కాదు. ఏ షాటు ఎక్కడ తెగుతుందో తీయకముందే తలలో కత్తిరించి పెట్టుకున్న మనిషి. బాంద్రాలో ఇంటికి పెట్టుకున్న పేరు ‘అనుపమ’. 1999కి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది, 2001లో పద్మవిభూషణ్. 2006 ఆగస్టు 27న పోయారు. మర్నాడు పేపర్లన్నిట్లోనూ ‘మధ్యతరగతి చిత్రకారుడు’, ‘హాస్యచిత్రాల దర్శకుడు’ అన్న మాటలే. ‘సత్యకామ్’ పేరు చాలాచోట్ల వెతుక్కోవలసి వచ్చింది.

కిందటి సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఆ సినిమా మళ్ళీ పెట్టాను, ఫోన్లో కాదు, పెద్ద టీవీలో. అమ్మకిప్పుడు డెబ్భై ఎనిమిది. తణుకులో చూసిన సంగతి గుర్తుందా అంటే తలూపింది. మంచం దగ్గర సీను వచ్చింది. ధర్మేంద్ర కాయితం ఇచ్చాడు. షర్మిల చింపేసింది. అతను నవ్వాడు.

"మీ నాన్నయితే అసలు సంతకమే పెట్టేవారు కాదు" అంది అమ్మ.

నేనేమీ అనలేదు. పాప్‌కార్న్ గిన్నె పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి పమిట చెంగుతో తుడుచుకుంది. తెర మీద ఇంకా అతని ముఖమే ఉంది.

"ఒకవేళ పెట్టి నా చేతికిచ్చి ఉంటే మాత్రం, నేను చింపేదాన్ని కాదే" అంది.